కేశవరావు కోడి వైద్యం

కేశవరావు ముప్పై మూడేళ్ళు పశుసంవర్ధక శాఖలో పనిచేశాడు గానీ, ఆ ముప్పై మూడేళ్ళలో ఒక్క పశువునీ ముట్టుకోలేదు. ఆయన పనంతా కాగితాలతో. ఏలూరు జిల్లా ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా గేదెలూ, గొర్రెలూ, కోళ్ళూ అన్నీ ఆయన బల్ల మీదికి ఫైళ్ళలోనే వచ్చాయి. ఫలానా మండలంలో కోళ్ళకి కొక్కెర తెగులు టీకాలు ఎన్ని వేశారు, సీసాలు ఎన్ని పగిలాయి అని అడిగితే నిద్రలో లేపినా చెప్పేవాడు. కోడికి మెడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మాత్రం చెప్పలేడు.

అలాంటి మనిషి ఐర్లండులో డాక్టరైపోయాడు. దానికి కారణం అల్లుడు కళాధర్.

కేశవరావూ, భార్య పుష్పవతీ ఏప్రిల్లో, అక్కడ నేస్ అనే ఊళ్ళో ఉన్న కూతురు సుధేష్ణ ఇంటికి వచ్చారు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళ వరస. వెనక చిన్న తోట, పక్కింటి తోటకీ దీనికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ఆ పక్కింట్లో బ్రీడా అనే డెబ్బై రెండేళ్ళావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిడకి మూడు కోళ్ళున్నాయి. వాటికి బెర్నడెట్, అసంప్టా, గొరెట్టి అని పేర్లు కూడా ఉన్నాయి. ఒక ఆదివారం కళాధర్ తోటలో మొక్కజొన్న పొత్తులు కాలుస్తూ గోడవతల ఉన్న బ్రీడాకి మామగారిని పరిచయం చేశాడు.

"ఇండియాలో వెటర్నరీ డిపార్ట్‌మెంట్‌లో పెద్ద ఆఫీసరు" అన్నాడు.

"ఓ, అయితే డాక్టరన్నమాట!" అంది బ్రీడా.

కళాధర్ పొత్తు మాడిపోతోందని అటు తిరిగాడు. కేశవరావు కాదనలేదు, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

ఎందుకు నవ్వాడంటే దానికీ ఓ కారణం ఉంది. ఏలూరులో రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు పెన్షన్ కాగితాలు పట్టుకుని "సార్, ఇది కాస్త చూడండి" అంటూ వచ్చేవాళ్ళు. ఇక్కడ కాలవగట్టున రోజూ గంటసేపు నడుస్తాడా, ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ నవ్వి, ఎండ బావుందనో వాన వస్తుందనో చెప్పి వెళ్ళిపోతారు. సలహా అడిగినవాళ్ళు లేరు. ఇంట్లో ఆయన మాత్రలు కూడా కూతురే వారాలవారీగా డబ్బాలో సర్ది పెడుతుంది. అలాంటప్పుడు ఎవరో డాక్టరంటే కాదనడానికి నోరు రాలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున్న కేశవరావు తోటలో కుర్చీ వేసుకుని టీ తాగుతుంటే గోడ మీద బ్రీడా తల కనిపించింది.

"డాక్టర్ రావ్, మా బెర్నడెట్ ఒంట్లో బాగోలేదు. నిన్నట్నించి ఏమీ తినడం లేదు. ఒక మూల ఒళ్ళు ఉబ్బరించుకుని కూర్చుంది. కోళ్ళని చూసే వెట్ డాక్టరు గురువారం దాకా ఖాళీ లేదంది. మీరోసారి వచ్చి చూస్తారా?"

కేశవరావు టీ కప్పు కింద పెట్టి లేచాడు.

"తప్పకుండా మేడమ్. ఫైవ్ మినిట్స్" అని ఇంగ్లీషులో అనేసి లోపలికి పరిగెత్తాడు.

వంటింట్లో పుష్పవతి కొబ్బరి తురుముతోంది. సుధేష్ణ డబ్లిన్ రైలుకి టైమవుతోందని నిలబడే బ్రెడ్డు తింటోంది. సంగతి వినగానే కూతురు నవ్వాపుకోలేకపోయింది.

"నాన్నా, సింపుల్. నేను వెట్‌ని కాదు, ఆఫీసులో చేశాను అని చెప్పెయ్. షీ వోంట్ మైండ్. ఏం చెప్పినా బావుందన్నట్టు 'గ్రాండ్' అనేస్తుంది."

"ఇప్పుడెలా చెప్తానే? రెండు వారాల్నించీ డాక్టర్ రావ్ అంటుంటే పలుకుతున్నా."

పుష్పవతి తురుముడు ఆపలేదు. "పలికారుగా, వెళ్ళి చూడండి. ముప్పై మూడేళ్ళు పశువుల జీతం తిన్నారు. ఒక్క కోడిని చూస్తే అరిగిపోరు."

"నాకేం తెలుసే కోళ్ళ సంగతి?"

"నాకేం తెలుసండీ? నేను పెరుగు తోడెట్టుకునే మనిషిని."

ఆయన చొక్కా మార్చుకుని, జేబులో పెన్ను పెట్టుకుని బయల్దేరాడు. పెన్ను లేకుండా ఆయనెప్పుడూ తనిఖీకి వెళ్ళలేదు మరి.

బ్రీడా ఎడమచేతికి మణికట్టు దగ్గర్నించి మోచేతిదాకా సిమెంటు కట్టు ఉంది. పది రోజుల కిందట తడిమెట్ల మీద జారిపడిందట. ఆవిడ మిగిలిన చేత్తో కోళ్ళగూడు తలుపు తీసింది. లోపల గోధుమరంగు కోడొకటి బంతిలా ముడుచుకుని కూర్చుంది. కళ్ళు సగం మూసుకుని ఉంది. కేశవరావు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. కోడి కూడా ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఏమంటారు డాక్టర్?"

ముప్పై మూడేళ్ళ సర్క్యులర్లన్నీ నెమరేసుకుంటే ఒక్క మాట తగిలింది. "ఐసోలేషన్" అన్నాడు గంభీరంగా. "ఈ పక్షిని మిగతా పక్షుల నుంచి వేరు చెయ్యాలి."

"అయితే హాట్ ప్రెస్‌లో పెట్టేద్దాం" అంది బ్రీడా.

కేశవరావుకి చెమట పట్టింది. ఆయనకి తెలిసిన ప్రెస్సులు రెండే. ఒకటి గెజిట్లు అచ్చేసేది, రెండోది బట్టలు ఇస్త్రీ చేసేది. "నో నో మేడమ్! నో ప్రెస్! అంత అవసరం లేదు! ఇంకా ఆశ ఉంది!"

బ్రీడా ఆయన్ని వింతగా చూసి, ఇంట్లోకి తీసుకెళ్ళి మెట్ల పక్కనున్న ఒక అలమారా తలుపు తీసింది. లోపల వేణ్ణీళ్ళ ట్యాంకు, దాని పక్కన మడతపెట్టిన తువ్వాళ్ళు. వెచ్చగా ఉంది. ఇక్కడ అలమారాని ప్రెస్ అంటారని ఆయనకి అప్పుడు తెలిసింది. బట్టల బుట్టలో కాయితాలు పరిచి బెర్నడెట్‌ని అందులో దింపారు. దింపింది బ్రీడాయే, ఒంటిచేత్తో. ఆయన తలుపు పట్టుకున్నాడు.

"మందు?"

"నా కొలీగ్‌తో కన్సల్ట్ చేసి చెప్తాను" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. ఇంటికొచ్చి ఫోన్లో పద్మనాభం నంబరు వెతికాడు. పద్మనాభం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. గోదావరి జిల్లాల్లో అతని చేయి పడని గేదె లేదని చెప్పుకునేవారు. ఫోన్ చెయ్యడానికి మాత్రం కేశవరావుకి కాస్త మొహమాటంగా ఉంది. చాలా ఏళ్ళ కిందట పద్మనాభం పోలవరం నుంచి తణుకు బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. దాన్ని కేశవరావు మూడుసార్లు వెనక్కి పంపాడు. మొదటిసారి జతపరచాల్సిన కాగితం ఒకటి లేదు. రెండోసారి ఆ కాగితం మీద సంతకం లేదు. మూడోసారి సంతకం ఉంది గానీ, కింద తేదీ లేదు.

"సార్! మీరా!" అన్నాడు పద్మనాభం. అక్కడ మధ్యాహ్నం, అప్పుడే పడుకుని లేచినట్టున్నాడు. సంగతంతా ఓపిగ్గా విన్నాడు.

"సార్, నోటిమాట మీద వైద్యం ఎలా చేస్తామండీ. లిఖితపూర్వకంగా పంపండి. కోడి వయసు, బరువు, రెట్ట రంగు, ఎప్పట్నించి తినట్లేదు. ఫొటో జతపరచండి."

కేశవరావు మారు మాట్లాడకుండా మళ్ళీ పక్కింటికి వెళ్ళి, వివరాలు కనుక్కుని, ఫొటో తీసి పంపాడు. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది. 'ఫొటోలో కోడి కంటే తమరి వేలు ఎక్కువ కనపడుతోంది. తిప్పి పంపడమైనది.' రెండోది పంపాడు. 'వెనకవైపు నుంచి తీశారు. ముందువైపు కావలెను.' మూడోది పంపాడు. 'ఫొటో బాగున్నది. తేదీ లేదు.'

కేశవరావు ఫోన్ చేశాడు. "పద్మనాభం, నువ్వు కావాలని చేస్తున్నావు."

"ఆయ్. కావాలనే చేస్తున్నానండి" అన్నాడు పద్మనాభం నవ్వుతూ. "సరే, వీడియో పెట్టండి. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యండి. కోడిని ఒళ్ళో పెట్టుకోండి."

"ఎవరి ఒళ్ళో?"

"కలెక్టరుగారి ఒళ్ళోనా? మీ ఒళ్ళోనే సార్."

మళ్ళీ పక్కింటికి వెళ్ళి, బ్రీడావాళ్ళ వంటింట్లో కుర్చీలో కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, కేశవరావు జీవితంలో మొదటిసారి ఒక కోడిని పట్టుకున్నాడు. అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. ఈకల కింద ఒళ్ళు కాలిపోతున్నంత వేడిగా ఉంది. దాని గుండె ఆయన అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది.

"మెడ కింద, రొమ్ముకి పైన తడమండి. ఏముంది?"

"ఏదో ముద్దలా ఉంది. నిమ్మకాయంత... కాదు, ఇంకా పెద్దది. గట్టిగా ఉంది, చపాతీ పిండిలాగ."

"ఇప్పుడు ముక్కు దగ్గర వాసన చూడండి."

"వాసనా?"

"పుల్లటి కంపు కొడుతోందా లేదా?"

కేశవరావు కళ్ళు మూసుకుని కోడి ముక్కు దగ్గరికి ముక్కు తీసుకెళ్ళాడు. బెర్నడెట్ కూడా ఇదేం మనిషిరా అన్నట్టు తల వెనక్కి లాక్కుంది. బ్రీడా మాత్రం భక్తిగా చూస్తోంది.

"పుల్లగా లేదు. గడ్డి వాసన."

"అయితే బతికిపోయిందండి. అది తిన్న మేత ముందు ఆ సంచిలోకి చేరుతుంది సార్, అక్కణ్ణించి కిందికి జారాలి. పొడుగు గడ్డిపోచలు మింగి ఉంటుంది, అవి ఉండచుట్టుకుని అడ్డం పడ్డాయి. మేత ఆపండి, నీళ్ళు పెట్టండి. నాలుగు చుక్కలు ఆలివ్ నూనె నోట్లో వెయ్యండి, మెల్లిగా, గొంతులో పొలమారకుండా. తర్వాత ఆ ముద్దని వేళ్ళతో మెత్తగా పిసకండి. పది నిమిషాలు. రోజుకి నాలుగుసార్లు. తలకిందులుగా మాత్రం పట్టుకోకండి, ఊపిరాడక పోతుంది."

ఒంటిచేత్తో జరిగే పని కాదది. కోడిని ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి పిసకాలి. బ్రీడా తన సిమెంటు కట్టు వైపు చూసుకుని కేశవరావు వైపు చూసింది. ఆయన చొక్కా చేతులు మడిచాడు.

సోమవారం నాలుగుసార్లు, మంగళవారం నాలుగుసార్లు. ప్రతిసారీ గోడ చుట్టూ తిరిగి ముందు వాకిట్లోంచి వెళ్ళడం, కుర్చీ, తువ్వాలు, నూనె. బ్రీడా ఎదురుగా కూర్చుని టీ పోసి కబుర్లు చెబుతుంది. ఆవిడ ఇంగ్లీషులో సగమే ఆయనకి అర్థమయ్యేది. మిగతా సగానికి "యెస్ మేడమ్" అనేవాడు. దాంతో తెలియకుండానే చర్చి పూలమొక్కల కమిటీలో చేరిపోయాడు. కోడితో మాత్రం తెలుగులోనే మాట్లాడేవాడు. "కదలకమ్మా. అయిపోయింది. ఇంకొక్క నిమిషం. గడ్డి ఎందుకు తిన్నావే, ఇంట్లో ఇంత మేత పెట్టుకుని?"

మంగళవారం సాయంత్రానికి ముద్ద ఏమాత్రం తగ్గలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే పుష్పవతి చూసింది.

"అదేమంటోంది?"

"ఏది?"

"మీ పేషెంటు."

"అలాగే ఉంది. పుష్పా, అది పోతే ఆవిడ నన్నేమనుకుంటుంది? డాక్టరని నమ్మి అప్పగించింది."

పుష్పవతి ఆయన కంచంలో ఇంకాస్త చారు పోసింది. "పోదు లెండి. ముందు మీరు తినండి" అంది. ఆ గొంతులో వెటకారం లేదు. అది విని ఆయనకి ఇంకా భయం వేసింది.

బుధవారం మధ్యాహ్నం వీడియోలో పద్మనాభం చెబుతుండగా కేశవరావు పిసుకుతున్నాడు. ఫోను బ్రీడా చక్కెర డబ్బాకి ఆనించి ఉంది. ఎందుకో ఆయనకి ఆ పాత దరఖాస్తు గుర్తొచ్చింది.

"పద్మనాభం, అప్పుడు తణుకు బదిలీ ఎందుకడిగావయ్యా?"

"దరఖాస్తులో రాశాను కదండీ."

"జతపరచిన కాగితాలు చూశానయ్యా. రాసింది చదవలేదు."

"అప్పటికి నాకు పెళ్ళై పదకొండు నెలలు సార్. మా ఆవిడ తణుకులో టీచరు. నేను పోలవరంలో. మీరు మూడుసార్లు తిప్పేసరికి ఏడాదిన్నర పట్టింది. వారానికోసారి బస్సులో వెళ్ళి పెళ్ళాన్ని చూసొచ్చేవాణ్ణి."

కేశవరావు వేళ్ళు ఆగిపోయాయి. వెనకనుంచి ఒక ఆడగొంతు వినపడింది. "ఎవరండీ? ఆ తేదీ రావుగారేనా? ఇలా ఇవ్వండి ఫోను!"

తెర మీద కళ్ళజోడు పెట్టుకున్న ఒక నిండైన మొహం ప్రత్యక్షమైంది. పద్మనాభం భార్య శాంతకుమారి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు.

"నమస్కారం రావుగారూ. మిమ్మల్ని చూడాలని ముప్పై ఆరేళ్ళ నుంచి అనుకుంటున్నా. కాగితం మీద తేదీ లేకపోతే నా మొగుడు నా మొగుడు కాకుండా పోతాడా? పురిటికి నేనొక్కదాన్నే ఆటోలో వెళ్ళాను, తెలుసా మీకు? పిల్లాడు పుట్టిన మర్నాటికి దిగాడీయన. ఏం, ఆ తేదీ మీరే వేసేస్తే మీ పెన్నులో సిరా అయిపోయేదా?"

కేశవరావుకి లేచి పారిపోవాలనిపించింది. ఒళ్ళో కోడి, చేతులనిండా నూనె. ఫోను అందదు, అందినా నొక్కలేడు. తల వంచుకుని వింటూ, ఏం చెయ్యాలో తోచక కోడినే పిసుకుతూ కూర్చున్నాడు. పది నిమిషాలు అనుకున్నది పాతిక నిమిషాలైంది.

"ఎవరావిడ?" అని బ్రీడా మెల్లిగా అడిగింది.

"హెడ్ ఆఫీస్" అన్నాడు కేశవరావు.

చివరికి శాంతకుమారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆయన తలెత్తి, "తప్పయిపోయిందమ్మా. అప్పుడు చదవాల్సింది" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. అంత తొందరగా ఒప్పుకుంటాడని అనుకోలేదేమో, గొంతు తగ్గించింది.

"సరే. కోడెలా ఉంది?" అంది.

అప్పుడే ఆయన వేళ్ళకి తేడా తెలిసింది. చపాతీ పిండిలా ఉన్నది ఇడ్లీ పిండిలా అయింది. నొక్కితే కదులుతోంది. బెర్నడెట్ మెడ సాచి, గొంతులోంచి గుర్రుమని ఒక శబ్దం చేసి, బ్రీడా తువ్వాలంతా పాడుచేసింది.

"ఏ రంగు సార్? ఏ రంగు?" అని పద్మనాభం భార్య భుజం మీంచి తల దూర్చి అరిచాడు.

"పచ్చగా! గడ్డి!"

"కదిలిందండి! దారి దొరికింది దానికి!"

గురువారం పొద్దున్నకి ముద్ద లేదు. సంచి చదునుగా, ఖాళీగా ఉంది. అయినా పెట్టుకున్న అపాయింట్‌మెంటు కదా అని బ్రీడా వెళ్దామంది. కళాధర్ ఆరోజు ఇంట్లోంచి పని చేస్తున్నాడు, కారు తీశాడు. వెట్ ముప్పై ఏళ్ళు కూడా నిండనట్టున్న అమ్మాయి. బెర్నడెట్‌ని ముందూ వెనకా తడిమి, నోరు తెరిచి చూసింది.

"పూర్తిగా ఖాళీ అయింది. చాలా ఓపిగ్గా చేశారు. ఎవరు?"

"ఈయనే. ఈయన ఇండియాలో వెట్" అంది బ్రీడా.

"అవునా! ఎక్కడ ప్రాక్టీస్ చేశారు?" అని ఆ అమ్మాయి నిజమైన ఆసక్తితో కేశవరావు వైపు తిరిగింది.

కళాధర్ గోడ మీద కుక్క పళ్ళ బొమ్మని శ్రద్ధగా చూడసాగాడు. కేశవరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేను డాక్టర్ని కాదమ్మా. డిపార్ట్‌మెంట్‌లో ఫైళ్ళు చూసేవాణ్ణి. ఈ వైద్యం చెప్పింది పద్మనాభమని మా కాంపౌండరు. నేను పిసికానంతే. సోమవారం దాకా నేను కోడిని ముట్టుకోలేదు."

వెట్ అమ్మాయి నవ్వాపుకుంటూ ఏదో రాసుకుంది. రెండు రోజులు పల్చటి మేత పెట్టండి, కాస్త పెరుగు ఇవ్వచ్చు, తోటలో గడ్డి పొట్టిగా కత్తిరించండి అని చెప్పి పంపింది.

కార్లో బ్రీడా బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కేశవరావు మొహం చెల్లక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మేడమ్, ఐ యామ్ వెరీ సారీ" అన్నాడు చివరికి.

"నాకు సోమవారమే తెలుసు" అంది బ్రీడా. "కోడిని చూసి చేతులు వెనక్కి దాచుకునే వెట్‌ని నేనెక్కడా చూళ్ళేదు. ఇందాక అక్కడ వెట్ అన్నది మీ మాట నిలబెట్టడానికే."

"మరి తెలిసీ ఎందుకు...?"

"నాకు కావలసింది డాక్టర్ కాదయ్యా. గురువారం దాకా రెండు చేతులు. ఒట్టిగా అడిగితే మీరు వచ్చేవారా?"

కేశవరావు ఆలోచించాడు. వచ్చేవాడు కాదు.

ఇంటికి రాగానే పెరుగు మాట విని పుష్పవతి చేతులు కడుక్కుని లేచింది. "డాక్టరమ్మ పెరుగే పెట్టమందా? కొట్లో డబ్బా పెరుగు పెడితే దానికేం ఒంటబడుతుంది?" అంటూ తను తోడుపెట్టిన గిన్నెలోంచి మీగడ పక్కకి తోసి, రెండు చెంచాలు తీసి, నీళ్ళు కలిపి చిలికింది. ఉప్పు వెయ్యబోయి ఆగి, "పథ్యం కదా" అనుకుంది. మూడు రోజులుగా గోడవైపు తొంగి చూడని మనిషి గిన్నె పట్టుకుని మొగుడి వెనకే బ్రీడా తోటలోకి వచ్చింది.

బెర్నడెట్ గిన్నెలో ముక్కు పెట్టి, తల ఎత్తి, మళ్ళీ పెట్టింది. ముక్కంతా తెల్లగా అయింది. అసంప్టా పక్కకొచ్చి మూతి పెట్టబోతే దాని నెత్తి మీద ఒక్కటి పొడిచింది.

"గ్రాండ్" అంది బ్రీడా.

పద్మనాభానికి చూపించాలని కేశవరావు వీడియో పెట్టాడు. ఫోన్ ఎత్తింది శాంతకుమారి. "తింటోందా? ఏదీ, ఇటు తిప్పండి. ఆ పక్కనెవరు, మీ ఆవిడా?"

పుష్పవతి ఫోను అందుకుంది. "నమస్కారమండీ. నిన్న మీరు ఈయనకి బాగా గడ్డి పెట్టారటగా. నాకు తెలిసుంటే నేనూ వచ్చి వినేదాన్ని."

"అయ్యో, ఇంకా సగమే చెప్పానండీ. తేదీ సంగతి మీకు తెలుసా అసలు?"

"తేదీయా? మా ఇంట్లో గ్యాసు పుస్తకం సంగతి చెప్తాను, వినండి..."

ఇద్దరూ ఒకే ఇంటి మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నట్టే మాటల్లో పడ్డారు. కేశవరావు కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత పెరుగు గిన్నె తీసుకుని, బెర్నడెట్ వెంట పడుతుంటే, తోట అటు చివరిదాకా నడిచాడు. అక్కడికి మాటలు అంత స్పష్టంగా వినపడవు.